సముద్రం మీద ట్రాక్టర్ ట్రాలీ

తిరుమలగిరి మార్కెట్‌కు వడ్లు తెచ్చిన ట్రాలీయే మర్నాడు ఇటుకలు మోస్తుంది. మరో వారం పెళ్లి జనాన్ని ఎక్కించుకుంటుంది. పెద్దగట్టు జాతర వచ్చిందా, ఇంటిల్లిపాదికీ అదే బండి! దాని విలువంతా నాలుగు రేకుల మధ్య ఉన్న ఖాళీలోనే ఉంది. ఇదే ఆలోచనతో ఓ యుద్ధనౌకను కడితే? డెన్మార్క్ కట్టింది.

దాని పేరు అబ్సలాన్. 2004లో సిద్ధమైంది. పొడవు 137 మీటర్లు. ఫిరంగి, క్షిపణులు, హెలికాప్టర్లు... అన్నీ ఉన్నాయి. అసలు విశేషం మాత్రం లోపలుంది. 900 చదరపు మీటర్ల పైచిలుకు ఖాళీ అంతస్తు, వెనక నుంచి వాహనాలు ఎక్కేందుకు ర్యాంపు. యుద్ధ ట్యాంకులైనా, లారీలైనా నడుపుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. కంటెయినర్లలో అమర్చిన ఆసుపత్రిని దించితే వైద్యశాల. అధికారుల బృందం వచ్చి కూర్చుంటే సేనాని కార్యాలయం. అందుకే దాన్ని 'కమాండ్, సపోర్ట్ నౌక' అన్నారు. 2008లో సోమాలియా తీరంలో గస్తీ తిరిగిన బహుళదేశాల దళాన్ని నడిపించింది దీని మీద నుంచే. 2020లో జలాంతర్గాముల వేట కూడా అప్పగించి, ఫ్రిగేట్ల జాబితాలో చేర్చారు.

విశాఖ గుర్రం

ఇలా పొట్టలో చోటున్న నౌక మనకూ ఉంది. పేరు ఐఎన్ఎస్ జలాశ్వ. విశాఖే దాని ఇల్లు. ఒకేసారి దాదాపు వెయ్యిమంది సైనికుల్ని మోయగలదు. ఇందులో చిత్రమేమిటంటే... ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని నింపగానే నౌక వెనక భాగం కిందికి దిగుతుంది. తలుపు తెరిస్తే లోపలికి నీళ్లొస్తాయి. అందులో ఉన్న పడవలు మనుషులతో, బండ్లతో సహా తేలుతూ బయటికొచ్చేస్తాయి. రేవు లేని ఒడ్డుకైనా సాయం చేరుతుందన్నమాట.

కరోనా రోజుల్లో ఆ ఖాళీ విలువ తెలిసొచ్చింది. విమానాలు ఆగిపోయిన 2020 మే నెలలో జలాశ్వ మాల్దీవులకు వెళ్లి, 698 మందిని ఎక్కించుకుని కొచ్చి చేరింది. వాళ్లలో 19 మంది గర్భిణులు! ఆ ఏడాది నాలుగు నౌకలు కలిసి 3,992 మందిని స్వదేశానికి చేర్చాయి. ఇక 2021 మే... ఒక్క ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరూరా ఎంత అల్లాడామో ఎవరు మర్చిపోతారు? అప్పుడు విదేశాల నుంచి ట్యాంకులు, వేల సిలిండర్లు విశాఖకు మోసుకొచ్చిందీ జలాశ్వే.

పాత బండి బెంగ

చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది కొత్త నౌక కాదు. 1971 నుంచి 'ట్రెంటన్' పేరుతో అమెరికాకు సేవ చేసి, 2007లో మన దగ్గరికొచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే నౌకలో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. పాత నౌకను సరిగ్గా పరీక్షించకుండానే కొన్నారని కాగ్ కూడా అదే ఏడాది తప్పుపట్టింది. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ కొనే రైతు కూడా ఇంజన్ విప్పి చూపించుకుంటాడు కదా!

అందుకే విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఇప్పుడు జరుగుతున్న పని ముఖ్యమైంది. నడిసముద్రంలోనే యుద్ధనౌకలకు ఇంధనం, నీళ్లు, తిండి, మందుగుండు అందించే అయిదు సహాయక నౌకల కోసం 2023 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. విలువ సుమారు 19 వేల కోట్ల రూపాయలు. ఒక్కోటి 44 వేల టన్నులు. 2024లో పని మొదలైంది. విపత్తులొస్తే జనాన్ని తరలించడానికీ ఇవి పనికొస్తాయి.

ఈసారి ఇంకొకరు వాడి వదిలేసినవి కావు. ఏ పైపు ఎటు పోతుందో కట్టినవాళ్లు మన మధ్యే ఉంటారు. కొడుకునో కూతురినో నౌకాదళానికి పంపిన ఇంట్లో ఆ మాటే కొండంత ధైర్యం.