దూపకు పోయిన బ్యాటరీ

మొన్న మే నెలలో ఒక సాయంత్రం సికింద్రాబాద్ మారేడుపల్లిలో గాలివాన దంచికొట్టింది. ఏ కొమ్మ ఏ తీగ మీద పడిందో, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉందిలే అన్న మా ధీమా అయిదు నిమిషాలే నిలిచింది. అది కూత పెట్టి ఆగిపోయింది. అమ్మకు నెబ్యులైజర్ పెట్టాల్సిన వేళ. వానలోనే ఆమెను పట్టుకుని, కరెంటున్న పక్క వీధి వాళ్లింటికి నడిపించుకు వెళ్లాం. ఆ బ్యాటరీ కొని అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు.

మర్నాడు ఎదురింటి పెద్దాయన వచ్చారు. రైల్వేలో ట్రెయిన్ లైటింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. మూతలు విప్పి, టార్చి వేసి చూసి ఒకే మాటన్నారు: "ఇది ముసల్దయి పోలే బిడ్డా, దూపకు పోయింది." లోపల ప్లేట్లు నీళ్ల మట్టానికి పైన తేలి, తెల్లబారి ఉన్నాయి.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఒకప్పుడు వేసవిలో గంటల తరబడి కోతలుండేవి. ఇన్వర్టర్ రోజూ పనిచేసేది, మన కన్ను దాని మీద ఉండేది. ఇప్పుడు కోతలు తగ్గాయి. వాడటం లేదు కదా, ఎక్కువ కాలం వస్తుందనుకుని దాన్ని మరిచిపోయాం. కానీ బ్యాటరీ ఊరికే ఉండదు. ఇన్వర్టర్ దానికి కొద్దికొద్దిగా ఛార్జి ఎక్కిస్తూనే ఉంటుంది. ఆ కరెంటుకు లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతూనే ఉంటుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ పని మరీ చురుగ్గా సాగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు సీసపు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ పని తెలిసినవాళ్ల లెక్క. దాన్ని మనం రేకుల గదిలోనో, గాలాడని మెట్ల కిందో పెడతాం.

పోయేది నీరే, ఆమ్లం కాదు. అందుకే పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బోరు నీళ్లలో సున్నం, ఇనుము, లవణాలు ఉంటాయి. ఫిల్టర్ నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. ఛార్జి నిండాక, గుర్తు దాకా మాత్రమే పోయాలి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, ఛార్జయ్యాక మిగతాది పోయాలి. పవరు తగ్గిందని ఆమ్లం పోయించుకుంటే అది ప్లేట్లను తినేస్తుంది.

దాహం తర్వాత ఆకలి. బ్యాటరీ వాడుతున్నకొద్దీ ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి, ప్లేటులో అంత మేర ఇక పనికిరాదు. పండక్కి ఊరెళ్తూ సగం ఖాళీ అయిన బ్యాటరీని వదిలి మెయిన్ ఆపేసి పోయేవాళ్లు చేస్తున్నది ఇదే. వెళ్లే ముందు నిండా ఛార్జి చేసి, అప్పుడు ఇన్వర్టర్ ఆపాలి. ఇంట్లో ఉన్నప్పుడు నెలకోసారి మెయిన్ ఆపి అరగంట ఫ్యాన్లు, లైట్లు దాని మీద నడపాలి. సగానికి మించి ఖాళీ చేయకూడదు. గాలివాన రాత్రి బయటపడే లోపం ఈ పరీక్షలో ముందే తెలుస్తుంది.

మన ఊరి రైల్వేవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు. సికింద్రాబాద్ 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం. లాలాగూడ వర్క్‌షాపు అంతకన్నా పాతది, నిజాం కాలం నాటిది. ఇరుసుతో తిరిగే డైనమోలున్న పెట్టెల్లో రైలు ఆగితే దీపానికీ ఫ్యానుకూ బ్యాటరీయే దిక్కు. అందుకే సిబ్బంది హైడ్రోమీటరుతో ఆమ్లం సాంద్రత చూసి రిజిస్టర్లో రాసేవారు. రోజూ అన్నీ చూడటం కుదరక ఒక సెల్లును గుర్తుపెట్టుకుని దాన్నే కొలిచేవారు. దాని పేరు పైలట్ సెల్. "ఒక్క సెల్లు ఎనకబడితే వరసంతా ఎనకబడుతది" అంటారు పెద్దాయన. మన 12 వోల్టుల బ్యాటరీలో ఉండేవి 6 సెల్లులే. నిండా ఛార్జయినప్పుడు హైడ్రోమీటర్ 1.24 నుంచి 1.28 మధ్య చూపాలి. ఆరింటిలో ఒకటి బాగా తగ్గితే అది ముందస్తు హెచ్చరిక.

టెర్మినళ్ల మీద చిలుము కనిపిస్తే ఇన్వర్టర్ ఆపి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక వాసెలిన్ పూయాలి. సోడా నీళ్లు సెల్లులోకి పోకూడదు. బ్యాటరీ పక్కన దీపం, అగరొత్తులు వద్దు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. 2022 సెప్టెంబరు 12 రాత్రి ఇదే సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది చనిపోయారు. ఆ స్కూటర్లలోని లిథియం బ్యాటరీల తీరు వేరు. కానీ కరెంటు నిలవ చేసే వస్తువుకు గాలి, జాగా, గమనింపు కావాలన్నది అన్నిటికీ వర్తిస్తుంది.

చివరికి ఆయుష్షు తీరిన బ్యాటరీని పాత సామాన్ల బండికి వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారుది. కొన్న దుకాణంలోనే ఇవ్వండి. అలా పాత సామానుగా పోయి ఏ మూలో కరిగించిన సీసం పొగ ఆ చుట్టుపక్కల పసిపిల్లల మెదళ్లను దెబ్బతీస్తుంది. మనం బ్యాటరీని ఎంత ఎక్కువ కాలం బతికించుకుంటే అంత సీసం కరిగించే అవసరం తప్పుతుంది.

ఇప్పుడు మా కొత్త బ్యాటరీ పక్కన మేకుకు ఒక చిన్న నోటు పుస్తకం వేలాడుతోంది. నెల మొదటి ఆదివారం తేదీ, నీళ్ల మట్టం, ఆరు సెల్లుల రీడింగ్ రాస్తున్నాం. పట్టేది పావుగంట. మీ ఇంట్లో మందుల మీదో, ఆక్సిజన్ యంత్రం మీదో బతికే పెద్దలుంటే ఈ ఆదివారమే ఆ మూతలు విప్పి చూడండి. కరెంటు ఉండగానే చూడండి.