కప్పాకో మడుగు, మైసమ్మకో కట్ట

జపాన్ పల్లెల్లో పిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా భయపెట్టడానికి ఒక వింత జీవి ఉంది. పేరు కప్పా. చిన్నపిల్లాడంత ఒళ్లు, పక్షి ముక్కు, వీపున తాబేటి చిప్ప, నడినెత్తిన గుంట, అందులో నీళ్లు. బలమంతా ఆ నీళ్లలోనే. గుర్రాల్ని, పిల్లల్ని మడుగులోకి లాగేస్తుందట. ఎదురుపడితే వంగి దండం పెట్టాలి. మర్యాద తెలిసిన జీవి కనక అదీ వంగుతుంది, నీళ్లు ఒలుకుతాయి, సత్తువ పోతుంది. దోసకాయంటే ప్రాణం. కొన్ని చెరువుల దగ్గర ప్రమాద హెచ్చరిక బోర్డుల మీద ఇప్పటికీ దీని బొమ్మే వేస్తారు.

ఇవాతె ప్రాంతంలోని తోనో ఊరి కప్పాల కథల్ని యనగిత కునియో 1910లో పుస్తకానికెక్కించాడు. అక్కడ జోకెన్‌జి గుడి వెనక వాగులో కప్పాబుచి అనే మడుగుంది. కప్పాను పట్టడానికి పర్యాటక సంఘం లైసెన్సులు అమ్ముతుంది! షరతులు చదివితే నవ్వొస్తుంది: గాయపరచకుండా ప్రాణంతో పట్టాలి, నెత్తి మీది నీళ్లు ఒలకకూడదు, ఎరగా తాజా కూరగాయలే వాడాలి. వాటిలో నాకు ముఖ్యమనిపించింది ఒకటే: ఆ మడుగులో మాత్రమే పట్టాలి. అంటే మడుగు పూడిస్తే లైసెన్సూ చెల్లదు, కథా చెల్లదు.

మనకు చెరువు కట్ట మీద కొలువుండే కట్ట మైసమ్మ ఉంది. కప్పా అల్లరిది, ఈమె తల్లి. అయినా ఇద్దరి కాపలా నీళ్ల దగ్గరే. కట్ట తెగకుండా చూడమని మొక్కి, పసుపు కుంకుమ పెట్టి, ఆషాఢంలో బోనం ఎత్తేవాళ్లు. తూము తీసే నీరటి మనిషికి ఆమె ఎదురుగానే పని. ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ జరుగుతున్నది వేరు. గుడికి ఏటా రంగులు, చెరువుకు ఏటా మట్టి. కట్ట రోడ్డయ్యాక కూడా మైసమ్మ రోడ్డు పక్కన అలాగే ఉంటుంది. నగర శివారు దమ్మాయిగూడనే చూడండి, పక్కనే జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డు. దాని మురుగు చేరి మల్కారం చెరువు నల్లబడింది. శుద్ధి పనులు మొదలయ్యేసరికే చాలా ఆలస్యమైంది.

చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ హద్దు అధికారుల మ్యాపుల్లో ఉంటుంది. ప్లాటు కొనేవాడికి అది కనబడదు, గుడి మాత్రం కనబడుతుంది. బోనాల కమిటీలు గోడకు సున్నం వేయించేటప్పుడే పక్కన ఆ హద్దు మ్యాపు కూడా పెయింటుతో గీయించొచ్చు. దాతల పేర్లు రాసే గోడే కదా, చోటుకేం కొదవ?