బడికి రాని పిల్ల ఎక్కడుందో అయిజ అడగాలి

అయిజ పట్టణ ప్రజలారా, చుట్టుపక్కల పల్లెల పెద్దలారా!

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ సీడు పత్తికి పేరుపడ్డ నేల. ఆ విత్తనం వెనుక కష్టం బయటివాళ్లకు తెలియకపోయినా మనకు తెలుసు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అంటించాలి. పువ్వు పువ్వుకూ చేతి పనే. క్రాసింగ్ మొదలైతే వారాల తరబడి తెరిపి ఉండదు. తక్కువ కూలికి వస్తారు, ఎదురు మాట్లాడరు అని ఏళ్ల తరబడి ఈ పనికి పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను దించారు. పెద్దలు తీసుకున్న అడ్వాన్సు కింద పిల్లల చదువు జమైపోయింది.

చేలోకి పోయిన పిల్లలే కాదు. అమ్మానాన్నలు వలసపోతే అవ్వ దగ్గర మిగిలినవాళ్లున్నారు. తండ్రి పోయి, తల్లి కూలి మీద బతుకుతున్నవాళ్లున్నారు. ఎవరూ లేక బంధువుల ఇళ్లలో చాకిరీ చేసేవాళ్లున్నారు. వీళ్ల బాధ్యత ఎవరిది?

చట్టం జవాబు చెప్పింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉండాలి. అధ్యక్షులు, నలుగురు సభ్యులు, వారిలో ఒకరైనా మహిళ. ఆపదలో దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఆ సమితి ముందు నిలపాలి. బిడ్డను హోముకు పంపడం చివరి మార్గమే. ముందు సొంత ఇంటినే నిలబెట్టాలి. అందుకే మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పెట్టారు. హోములో పెరిగినవాళ్లను 18 నిండగానే వదిలేయకుండా 21 ఏళ్ల దాకా ఆసరా ఇమ్మన్నారు.

ఇన్ని ఉన్నా, ఎవరో ఒకరు నోరు విప్పితేనే ఇవి కదులుతాయి. అయిజ సందులో ఏ పిల్ల ఎందుకు బడి మానిందో జిల్లా కేంద్రంలోని సమితికి ఎట్లా తెలుస్తుంది? తెలిసేది మనకే. అందుకే ఊళ్లలో, వార్డుల్లో బాలల పరిరక్షణ కమిటీలు ఉండాలన్నారు. మీ వార్డులో కమిటీ ఉందా? చివరిసారి ఎప్పుడు కూర్చుంది? కౌన్సిలర్‌ను, సర్పంచ్‌ను నిలదీసి అడగండి. రోడ్డు గురించి, నల్లా గురించి అడిగినంత గట్టిగా అడగండి.

పంతుళ్లారా, వరుసగా రాని పిల్ల పేరు హాజరు పట్టీలోనే ఉంచకండి, కమిటీకి చేర్చండి. అంగన్‌వాడీ టీచర్లారా, ఆశా కార్యకర్తలారా, ఏ గడపలో పెద్దదిక్కు లేదో మీకన్నా తెలిసినవాళ్లు లేరు. ఆ ఇంటి చేత స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెట్టించండి. రైతన్నలారా, సీడు ఆర్గనైజర్లారా, మీ ప్లాటులో పద్నాలుగేళ్ల లోపు చెయ్యి పువ్వును ముట్టకూడదు. బడి అయ్యాక సొంతింటి పనిలో సాయపడటాన్ని బాల కార్మిక చట్టానికి వచ్చిన 2016 సవరణ ఒప్పుకుంది. బడి మాన్పించి ఇతరుల చేలకు తోలడాన్ని ఒప్పుకోలేదు. విత్తనం కొనే కంపెనీలారా, పెద్దలకు గిట్టే కూలి పడేలా ధర కట్టండి. పిల్లల చేతులతో పూడ్చుకునే లెక్క మాకొద్దు.

'పేదోళ్లం, ఏం చేస్తాం' అనే తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. వాళ్లకు రావాల్సిన సాయాన్ని గడప దాకా తేవడమే మన పని. 'పక్కింటి గొడవ మనకెందుకు' అనేవాళ్లకు మాత్రం ఒక మాట. నా అన్నవాళ్లు లేకుండా దొరికిన బిడ్డను దగ్గర పెట్టుకుని, ఆ సంగతి 24 గంటల్లో తెలపకపోవడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం భయం సరే, తిక్క వీరేశ్వరస్వామి జాతరకు ఊరంతా ఒక్కటై కదిలే మనకు ఒక అనాథ బిడ్డ కోసం కదలడం చేతకాదా?

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి బడి గోడ మీద, ప్రతి కిరాణా కొట్టు దగ్గర రాయించండి. ఎవరైనా, ఏ వేళనైనా, పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. ఈ నెలలోనే వార్డు వార్డున కమిటీని కూర్చోబెట్టండి. బడి మానిన పిల్లల జాబితా రాయండి. ఒక్కో పేరుకూ బాధ్యత వహించే మనిషిని పెట్టండి. ఆ పిల్ల తిరిగి బడిలో కూర్చునేదాకా ఆ పేరు కొట్టేయకండి. అయిజ పిల్లలకు అయిజే దిక్కు. కదలండి!