మెహమాన్లొస్తున్నారు సరే, ఘర్‌వాలే ఏరీ?

"సాలార్‌జంగ్ మ్యూజియం చూశారా?" అని మన ఖాందాన్‌లో ఎవరినడిగినా జవాబు ఒకటే: "ఆఁ, దేఖ్ లియే!" చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్లుంటారు. లేదంటే కర్నూలు నుంచో నల్గొండ నుంచో రిష్తేదార్లొచ్చినప్పుడు చార్మినార్, జూ పార్కు, మ్యూజియం ఒక్క రోజులో చుట్టేసి ఉంటారు. గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టింది, ముసుగు రెబెక్కాను చూశారు, ఖతమ్. మళ్లీ ఎందుకెళ్లాలో ఎవరికీ తోచదు.

1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న ఆ రెబెక్కా ఈరోజుకీ కొత్తవాళ్లను రప్పిస్తూనే ఉంది. కానీ వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ రావాలంటే తమాషా సరిపోదు, రిష్తా కలవాలి. మెహమాన్ చూసి పోతాడు. ఘర్‌వాలేకు ఆ ఇంట్లో తనదంటూ ఒక పని ఉంటుంది.

అందుకే నా రాయ్ ఏమిటంటే, జనానికి చూపించడంతో ఆగకుండా జనాన్ని అడగాలి. అక్కడ బిద్రీ సామాను ఉంది. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పించే పని అది. గాజుపెట్టె పక్కన చీటీ ఇంతవరకు చెబుతుంది. పాన్‌దాన్‌లో కత్థా ఎక్కడ, సున్నం ఎక్కడ, బీడా ఏ అదబ్‌తో అందించాలి అన్నది మన నానీమాలే చెప్పాలి. నెలకోరోజు పాతబస్తీ బుజుర్గ్‌లను పిలిచి ఆ వస్తువుల ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. తను మాట్లాడిన చోటికి నానీమా మళ్లీ వస్తుంది, వెంట మనవలొస్తారు.

రెండోది ఖత్తాతీ. అక్కడ ఎన్నో ఖురాన్ చేతిరాత ప్రతులున్నాయి. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడు ఆ హర్ఫ్‌లను గుర్తుపడతాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు చాలామందికి అవి వట్టి నఖ్షాలు. ఆ గది పక్కనే ఖలమ్, సియాహీ ఇచ్చి నెలకో హర్ఫ్ నేర్పితే, అలిఫ్ నేర్చుకున్న పిల్ల బే కోసం తప్పకుండా వస్తుంది.

మూడోది, మ్యూజియానికి సెలవు శుక్రవారం. మదర్సా పిల్లలకూ ఛుట్టీ శుక్రవారమే. మూసీ పక్కన, నడిచివెళ్లే దూరంలో ఉన్న పిల్లలకు తీరిక దొరికిన రోజే దర్వాజా బంద్! నెలకొక జుమా నాడు, నమాజ్ అయ్యాక మూడు గంటలు తెరిస్తే చాలు. సిబ్బందికి ఆ సెలవు వేరే రోజు ఇవ్వొచ్చు.

ఇదంతా పోగుచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్లి చేసుకోలేదు, 1949లో కన్నుమూశారు. 1951లో దీవాన్ దేవిడీలో ఈ ఖజానాను జనానికి తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అంటే వారిస్‌లం మనందరం. వారసులకు కూడా కొంత జిమ్మేదారీ ఉంటుంది కదా!

కాబట్టి ఒక్కరోజులో అన్నీ చూసేయాలన్న లాలచ్ వదిలేద్దాం. వెళ్లినప్పుడల్లా ఒక్క గది చాలు. పిల్లలు అలసిపోకముందే బయటికొచ్చేయండి, మిగిలినవాటి కోసం వాళ్లే మళ్లీ తీసుకెళ్లమంటారు. ఈ నెలే మొదలుపెట్టండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, తాళం ఉంటుంది.