సరస్వతికి తాళము లేల?

అలిపిరికి కొలది మైళ్లలోపల ఎన్ని విద్యాపీఠములున్నవో మన పాఠకులెఱుగనిది కాదు. 1954 లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1961 లో స్థాపితమై 2020 లో కేంద్ర విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠము, 1983 నాటి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, 2006 నాటి వేద విశ్వవిద్యాలయము, అన్నియు ఒక్క తిరుపతి పట్టణమునకు చెందినవే. ప్రతిదానికిని గ్రంథాలయము కలదు. ఇక కావలసినది ఈ గ్రంథాలయములన్నిటిని ఒక్క కుటుంబముగా నడపు ఏర్పాటు.

ఈ గ్రంథములెవరివి? ప్రజల పన్నులతోను, కొన్నియెడల భక్తుల కానుకలతోను కొన్నవి. కావున వానిని కాపాడు సంస్థ ధర్మకర్తయే గాని యజమాని గాదు. పొరుగు పీఠపు విద్యార్థి వచ్చి గ్రంథమడిగినప్పుడు "నీవు మావాడవు గావు" అని త్రిప్పిపంపు నియమము ఏ సంస్థలోనున్నను అది ధర్మవిరుద్ధమని మా నిశ్చితాభిప్రాయము.

పుస్తకములు పోవునని కొందఱి భయము. ఇచ్చట అప్పు పుచ్చుకొనునది విద్యార్థి గాదు, అతని గ్రంథాలయము. పోయినచో మూల్యము చెల్లించునదియు అదియే. ఇంతకంటె గట్టి జామీను ఏ న్యాయస్థానమడుగును? 1988 లో ఢిల్లీలో ఆరంభమైన డెల్‌నెట్ ఇట్టి ఇచ్చిపుచ్చుకొనుటకే పుట్టినది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారు విశ్వవిద్యాలయ గ్రంథములకు ఉమ్మడి పట్టికయు కూర్చిరి. కాని బియ్యమెవరి గాదెలోనున్నదో తెలిసినంతమాత్రమున ఆకలి తీరునా?

2024 నవంబరులో కేంద్రప్రభుత్వము "ఒకే దేశము, ఒకే చందా" పథకమునకు మూడేండ్లకుగాను 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు దానివలన లభించుచున్నవి. సంతోషము. అయితే అచ్చు నిలిచిపోయిన తెలుగు వ్యాకరణము ఆ చందాలో దొరకునా? 1939 లో దేవస్థానమువారు నెలకొల్పిన ప్రాచ్యపరిశోధనాలయపు తాళపత్రములు దొరకునా? తాళపత్రమును గడపదాటింపుమని మేమనము. దాని ఛాయాప్రతిని పంపుటకు అడ్డమేమి? తాళ్లపాకవారి రాగిరేకులు తిరుమల ఆలయపు అఱలో శతాబ్దములు పడియుండెను. వెలికివచ్చి అచ్చుపడిన పిదపనే గదా అన్నమయ్య పాట ఇంటింటికి చేరినది!

మేము కోరునవి నాలుగు: తిరుపతి గ్రంథాలయములన్నిటికిని ఒక్క పట్టిక, ఎరువిచ్చుటకు ఒక్క నియమావళి, వారమునకు రెండుసార్లు ఈ సంస్థల నడుమ తిరుగు ఒక బండి, వెలగల గ్రంథములను కొనుటకు ముందు పరస్పర సంప్రదింపు. 1935 లో పాతూరి నాగభూషణము గారి పూనికతో కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము నడిచినది. పడవలో పుస్తకములు నింపి పల్లెపల్లెకు పంచిన జాతికి అలిపిరి బాటపై ఒక బండి నడుపుట భారమా?

పఠనమందిరములవారు సభలు చేసి, తీర్మానములు గావించి, ఉపకులపతులందఱికిని పంపుదురుగాక. అడుగనివానికి ధర్మకర్త లెక్క చెప్పడు.