శిక్ష కోర్టుది.. లాఠీది కాదు

డిచ్‌పల్లి: అంటువ్యాధి ప్రబలినప్పుడు జనాన్ని కట్టడి చేసే భారం పోలీసులపైనే పడుతుంది. ఆ అధికారానికి హద్దు ఎక్కడన్నదే ప్రశ్న. కరోనా లాక్‌డౌన్‌ ముగిసి ఏళ్లు గడిచినా దానికి స్పష్టమైన జవాబు లేదు.

తెలంగాణలో 2020 మార్చి 22న లాక్‌డౌన్‌ ప్రకటించారు. ఆర్మూరు, డిచ్‌పల్లి ప్రాంతాల్లో అది పసుపు మార్కెట్‌కు చేరే కాలం. మాట వినకుంటే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వవలసి వస్తుందని మార్చి 24న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు హెచ్చరించారు. పైనుంచి వచ్చే అలాంటి మాట నాకాబందీలో నిలబడిన కానిస్టేబుల్‌కు అనుమతిలా వినిపించే ప్రమాదముంది.

చట్టం ఏమంటోంది?

1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద ఆంక్షలు ఉల్లంఘించిన వారికి నాడు భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్‌ వర్తించేది. గరిష్ఠంగా 6 నెలల జైలు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్‌ ప్రకారం ఏడాది వరకు శిక్ష పడవచ్చు. నాడైనా నేడైనా శిక్ష విధించవలసింది న్యాయస్థానమే. నడిరోడ్డుపై కొట్టడం, గుంజీలు తీయించడం ఏ చట్టంలోనూ లేవు.

వైద్య సిబ్బందిపై దాడిచేస్తే ఏడేళ్ల వరకు జైలు విధించేలా 2020లో చట్టాన్ని సవరించారు. అది అవసరమే. పోలీసు దెబ్బకు గురైన పౌరుడికి మాత్రం అందులో ఏ రక్షణా కల్పించలేదు.

రెండు దృశ్యాలు

2020 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో పోలీసులు ఆపిన ఒక వ్యక్తి మరణించగా ఎస్సైని సస్పెండ్‌ చేశారు. మే నెలలో విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ వైద్యుడి చేతులు వెనక్కి కట్టిన ఘటనపై ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది.

మన జిల్లాలో మరో దృశ్యం కనిపించింది. నెల్లూరులో చిక్కుకున్న కుమారుడిని తెచ్చుకునేందుకు బోధన్‌ ఉపాధ్యాయురాలు ఒకరు అదే ఏప్రిల్‌లో స్కూటీపై సుమారు 1,400 కిలోమీటర్లు తిరిగివచ్చారు. బోధన్‌ ఏసీపీ ఇచ్చిన అనుమతి పత్రమే ఆమెకు దారి చూపింది. లాఠీ చేయలేని పని ఒక కాగితం చేసింది.

చేయవలసింది

జిల్లా స్థాయిలో పోలీసులపై ఫిర్యాదుల మండలి ఉండాలని ప్రకాశ్‌ సింగ్‌ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. దెబ్బతిన్న రైతు, కూలీ కొట్టిన ఠాణాకే ఫిర్యాదుకు వెళ్లవలసిన దుస్థితి తప్పాలంటే అది నిజామాబాద్‌లోనే అందుబాటులో ఉండాలి. ఆంక్షలు, మినహాయింపులు తెలుగులో రాసి ప్రతి నాకా వద్ద, మార్కెట్‌ యార్డు వద్ద అంటించాలి. మరో మహమ్మారి వచ్చాక కాదు, ఇప్పుడే ఆ ఏర్పాటు జరగాలి.