ఇంటిముందటి వీథికి ఎవరు సొమ్మియ్యవలెను?

నగరవీథి యెవరి సొత్తని యే పురపాలక సంఘము నడిగినను, ప్రజలందఱి సొత్తనియే ప్రత్యుత్తరము వచ్చును. ఆ వీథిని త్రవ్వి, కంకర పఱచి, తారు వేసి, అంచురాళ్లు నాటిన పిమ్మట బిల్లు మాత్రము ప్రజలందఱికిని గాక, ఆ వీథికి వాకిలి గల యిండ్లవారికే పోవు పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ననేక నగరములందు నేటికిని గలదు. దీనిని వారు స్పెషల్ అసెస్‌మెంటు అందురు. మనము ప్రత్యేక విధింపు అనవచ్చును. ఏటేట గృహస్థుడు చెల్లించు ఆస్తిపన్ను వేఱు, ఇది వేఱు. ఒక దినమున తపాలాలో నోటీసు వచ్చును. అందు వేలకొలది డాలర్ల మొత్త ముండును. ఒక్కసారిగ చెల్లింపలేనివాడు వడ్డీతో వాయిదాలు కట్టవలెను. కట్టనిచో నా బాకీ యింటినే పట్టుకొని యుండును.

ఈ విషయము మన పాఠకులకు దూరపు వార్తగ దోపవచ్చును. కాని మన పాఠకులలో ననేకుల బిడ్డలు ఆ దేశమున నిండ్లు గొని నిలిచియున్నారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. ఈ పద్ధతికి బీజము మన చెన్నపట్టణపు చట్టములందును, బొంబాయి చట్టములందును, బెంగుళూరు చట్టములందును చిరకాలముగ నున్నది. అచ్చట మొలకెత్తి మానైనది యిచ్చట నేలలో నణగియున్నది, అంతియే భేదము.

మేము ప్రత్యేక విధింపును మూలమున నిరాకరించువారము కాము. బురదదారి యొకటి మొదటిసారి తారువీథిగ మాఱినప్పుడు దానిపై నున్న స్థలముల వెల పెరుగుట యందఱు నెఱిగినదే. ఊరందఱి సొమ్ముతో నొకరి స్థలమునకు విలువ కూర్చి, ఆతనిని పైసయైన నడుగకుండుట న్యాయము కాదు. పెరిగిన విలువలో నొక భాగమును నగరము కోరుట యుచితమే. అయితే నగరము కోరుచున్నది పెరిగిన విలువలో భాగమునా, లేక పనికైన ఖర్చంతయునా? ఈ రెంటికిని గల యంతరమే యిందలి వివాదమంతయు.

ఈ యంతరమును 1898లో అమెరికా సుప్రీము కోర్టు తేటపఱచినది. ఒహాయో రాష్ట్రమున నార్వుడ్ అను గ్రామము, బేకర్ అను స్త్రీ భూమి నడుమగా నొక వీథిని పొడిగించెను. వీథికై తీసికొనిన నేలకు 2,000 డాలర్లు పరిహారమని తేలెను. పిదప గ్రామసభవా రా పరిహారమును, దానిని నిర్ణయించుటకైన వ్యయమునుగూడ గలిపి, 2,218 డాలర్ల 58 సెంట్లు, వీథికి రెండుప్రక్కల మిగిలిన యామె భూమిపైననే విధించిరి. కుడిచేత నిచ్చిన దానిని ఎడమచేత లాగికొనుటయే గాక, లాగికొనుటకైన కూలిని గూడ నడిగిరన్నమాట! కలిగిన ప్రత్యేక లాభమునకు గణనీయముగ మించి విధించినచో, ఆ మించిన మేరకు నది పరిహారము లేక పరుల యాస్తిని హరించుటయే యని న్యాయమూర్తి హార్లన్ తీర్పు వ్రాసెను.

ఇంతటితో గృహస్థునకు రక్షణ దొరకినదని సంతసింప వీలులేకపోయెను. మూడేండ్లు తిరుగకమునుపే, 1901లో, మిస్సోరీ రాష్ట్రపు కాన్సస్ సిటీ వీథి వ్యాజ్యమున నా న్యాయస్థానమే, వీథిఖర్చును ముఖభాగపు టడుగుల లెక్కను పంచుట చెల్లునని నిర్ణయించెను. హార్లన్ విసమ్మతి తెలిపెను గాని యల్పసంఖ్యలో నుండెను. అడుగుల లెక్క గుమాస్తాకు మిక్కిలి సులభము. గొలుసు పట్టి కొలిచిన చాలును. కాని కొలిచినది లాభమును కాదు, ప్రహరీగోడను. మూలయింటివాని సంగతి చూడుడు. ఆతనికి రెండు వీథుల ముఖము గలదు. ఒక వీథి యీ యేట, వేఱొక వీథి మఱికొన్ని యేండ్లకు బాగుచేయబడినచో, లెక్కలో రాయితీ లేనిచోట, ఒకే యింటికి రెండుసారులు బిల్లు వచ్చును. ఆతడు నడచునది యొక వాకిటినుండియే కదా!

మిన్నెసోటా రాష్ట్రమున నీ విషయమై గల చట్టము ప్రత్యేకముగ బరిశీలింపదగినది. అచ్చట విధింపు ఆ యాస్తికి కలిగిన లాభమును, అనగా పనివలన పెరిగిన మార్కెట్టు విలువను, మించరాదు. వీథి ముఖభాగములో నూటికి 35 వంతులకు దక్కువకాని యజమానులు కోరనిచో, కౌన్సిలులో నైదింట నాలుగువంతులు సమ్మతించిననే పని సాగును. ఆక్షేపణ చెప్పువాడు విచారణనాటికి వ్రాతమూలకముగ దాఖలుచేసి, పిమ్మట ముప్పది దినములలో కోర్టున కెక్కవలెను. చదువుటకు నియమములు చక్కగనే యున్నవి. ఆచరణలో నేమగును? వీథి పునర్నిర్మాణమువలన తన యింటి విలువ యింత పెరుగలేదని నిరూపించుటకు గృహస్థుడు విలువకట్టు నిపుణుని, వకీలును నియమింపవలెను. వారి రుసుములు వివాదపు మొత్తముతో పోటీపడును. ఆఱువేల విధింపులో రెండువేలు తగ్గించుకొనుటకు మూడువేలు వెచ్చించు తెలివితక్కువవా డెవడు? కావున ననేకులు గొణిగి, సంతకముచేసి, కట్టివేయుదురు. అఱువదియైదేండ్లు దాటినవారికిని, వికలాంగులకును, చెల్లింపు వాయిదావేయు నధికారము నగరములకు చట్టమిచ్చినది. మంచిదే, కాని వాయిదా మాఫీ కాదు.

ఆ చట్టమున నింకొక మెలిక గలదు. పనిఖర్చులో కనీసము నూటికి ఇరువది వంతులు ఇండ్లవారిపై విధించినచో, వోటర్ల యనుమతి గోరకయే నగరము బాండ్లు అమ్మి యప్పు తేవచ్చును. వీథివారికి లాభ మెంత కలిగినదను ప్రశ్నకు ముందుగనే, ఆ యిరువది వంతుల నెట్లు పూర్తిచేయుదమను ప్రశ్న కౌన్సిలువారి మనస్సున నిలుచుట సహజము. విధింపు లాభమునుండి కాక, అప్పుతెచ్చు సౌకర్యమునుండి పుట్టుట యిట్లే.

అసలు సంగతి మఱియొకటి. మొదటిసారి వీథి వేయుట వేఱు, అరిగిన వీథిని మరల వేయుట వేఱు. ముప్పదియేండ్లుగ తారువీథిపై నున్న యింటికి, ఆ వీథిని తిరిగి వేసినందున క్రొత్తగ గలుగు విలువ యెంత? ఇల్లు కొనిననాడే యజమాని వీథితో గూడిన వెల చెల్లించియున్నాడు. వీథిని అరగదీసిన దెవరన్నచో, 1958 మొదలు 1960 వఱకు ఇల్లినాయి రాష్ట్రమున ఒట్టావా యొద్ద లారీలను రేయింబవళ్లు త్రిప్పి చేసిన పరీక్ష యొక సమాధాన మిచ్చినది. ఇరుసుపై బరువు రెట్టింపైనచో వీథికి గలుగు హాని రెట్టింపు గాదు, ఇంచుమించు పదియాఱు రెట్లగును. కావున వీథిని చెఱచునది గృహస్థుని చిన్నకారు కాదు. సరకులారీ, బస్సు, చెత్తబండి. అవి యెవరో యొకయింటివాని కొఱకు వచ్చునవి గావు. ఊరి వర్తకమంతయు నొక వీథిగుండ బోవుచుండగా, ఆ వీథి చెడినందుకు దండుగ ఆ వీథివా రియ్యవలెననుట యే ధర్మశాస్త్రమున గలదో మాకు తెలియదు.

ఇంగ్లండులో నీ భేదమును చిరకాలము క్రిందటనే గుర్తించిరి. 1875 నాటి ప్రజారోగ్య చట్టము ప్రకారము, అప్పటికి ప్రజామార్గము కాని వీథిని చదునుచేసి, పఱచి, మురుగుకాలువ యమర్చు ఖర్చు ముఖభాగపు యజమానులదే. కాని యొకసారి యట్లు సిద్ధమై ప్రజామార్గముగ స్వీకరింపబడిన పిమ్మట, మరమ్మతు భారము ఊరందఱిది. 1892 నాటి చట్టము మఱియొక యడుగు వేసి, అడుగుల లెక్కతోపాటు లాభపు తారతమ్యమును గూడ గమనింపవచ్చునన్నది. ఒకసారి చెల్లించి విముక్తి పొందుటకును, తరతరములు చెల్లించుచు పోవుటకును గల భేదమును సామాన్య గృహస్థు డెంతమాత్రము విస్మరింపడు.

నగరముల పక్షమున జెప్పదగినదియు గలదు. వీథులు పాడగుచున్నవి, ఆస్తిపన్ను పెంచిన వోటర్లు కోపింతురు, రాష్ట్రప్రభుత్వము చేయి విదల్పదు, సొమ్మెచ్చటనుండి వచ్చును? ఈ ప్రశ్నను హాస్యముగ ద్రోయరాదు. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరము 2008లో వాహనమునకు, తొలుత 20 డాలర్లుగ, చక్రపుపన్ను విధించి వీథి పునర్నిర్మాణపు ప్రత్యేక విధింపును మానుకొనెను. చిన్నకారుకును పెద్దకారుకును సమానమగు పన్ను పూర్ణన్యాయమని మే మనము. కాని వీథిని వాడువారినుండి రాబట్టుట, వీథిప్రక్క నివసించువారినుండి రాబట్టుటకంటె మేలు. సెయింట్ పాల్ నగరము వేఱుదారి త్రొక్కెను. మంచు తొలగించుటకు, వీథులు ఊడ్చుటకు, గుంతలు పూడ్చుటకు ముఖభాగపు లెక్కను రుసుము వసూలుచేసి, ఇది పన్ను కాదు, రుసుమని వాదించెను. 2016లో మిన్నెసోటా సుప్రీము కోర్టు, పేరు మార్చినంతమాత్రమున పన్ను రుసుము కాజాలదని తేల్చెను. కాలిఫోర్నియా ప్రజలు 1996లో 218వ ప్రతిపాదనను అంగీకరించి, సర్వజనులకు గలుగు లాభమును విడదీసి, ప్రత్యేక లాభమునకు మాత్రమే విధింపవలెననియు, దానిని నిరూపించు భారము ప్రభుత్వముదే యనియు రాజ్యాంగముననే వ్రాసికొనిరి. నిరూపణ భారమును గృహస్థుని భుజమునుండి దింపుట మాకు మిక్కిలి నచ్చినది. అచ్చటి వోటును విధింపు మొత్తమునుబట్టి తూచుట మాత్రము నచ్చలేదు. అద్దెకున్నవాడు పరోక్షముగ భారము మోయుచు నోరులేనివా డగుచున్నాడు.

ఇక మన సంగతి. 1915 నాటి బొంబాయి నగరనిర్మాణ చట్టము, పెరిగిన విలువలో సగమునకు మించి యజమానినుండి కోరరాదనెను. 1920 నాటి మద్రాసు నగరనిర్మాణ చట్టమునను విలువపెంపు చందా నియమము గలదు. ఆ చట్టమే పిమ్మట ఆంధ్రప్రాంతమునకును దక్కినది. బెంగుళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థకు సంబంధించిన 1976 నాటి చట్టము, పెరిగిన విలువలో మూడవవంతును విలువపెంపు పన్నుగ నిర్ణయించినది. పనిఖర్చుతో నిమిత్తము లేక, లాభమునే కొలిచి, అందు మూడవవంతుతో ఆగు నీ సూత్రము, మేము పైని జెప్పిన యమెరికా సూత్రములకంటె మేలైనదని మా యభిప్రాయము. ఇట్టి మంచిసూత్రము ప్రక్కననే, బెంగుళూరులో ఖాతా క్రమబద్ధము గావలెనన్నచో స్థలయజమానులనుండి అభివృద్ధిరుసుమును వసూలు చేయుట జరిగినది. తీసికొనిన రుసుమునకును, ఆ వీథిలో జరిగిన పనికిని గల సంబంధమేమని యడుగుటకు యజమానికి హక్కు గలదు. రుసుమునకు బదులుగ నొక ప్రత్యేక ప్రయోజన ముండవలెనని 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున భారత సుప్రీము కోర్టు చెప్పియుండెను. తరువాతి తీర్పులలో ఆ నియమము కొంత సడలినను, పూర్తిగ తొలగలేదు.

కావున, ఇచ్చటగాని యచ్చటగాని, మొదటిసారి వేయు వీథికి మాత్రమే యిట్టి విధింపు చెల్లవలెననియు, అది పెరిగిన విలువలో నొక నియతభాగమును దాటరాదనియు, ఆ విలువను నగరమే తన ఖర్చుతో నిరూపింపవలెననియు మేము కోరుచున్నాము. తిరిగి వేయు వీథి, మరమ్మతు, ఊడ్పు, దీపము సామాన్యపు బొక్కసమునుండియు, బరువుబండ్లపై పన్నునుండియు జరుగవలెను. వృద్ధులు, వితంతువులు నున్న యిండ్లకు వాయిదా గాక తగ్గింపే యుండవలెను.

నోటీసు సంగతి మఱువరాదు. హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను తరతరములుగ నున్న మనవారిలో, ఇంటిపత్రములు తెలుగున జదువుకొను ముసలివా రింకను గలరు. వారికి దెలియని భాషలో కాగితము వచ్చి, చదివించుకొనులోపల గడువు దాటిపోవును. తమ కష్టమును దెలుపు విజ్ఞప్తిని దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న యే భాషలోనైనను అధికారి కిచ్చుకొను హక్కు భారత రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివానికి నిచ్చినది. నోటీసు అందిననాడే దానిపై తేదీ వేసి, ఆక్షేపణను తెలుగుననే వ్రాసి, నకలుపై కార్యాలయపు ముద్ర వేయించుకొని దాచుకొనవలసినదని మా పాఠకులకు మనవి చేయుచున్నాము.